పైన పటారం, లోన తుప్పు

కిందటి సంచికలో నామినేషన్ల గురించి రాసినప్పుడు చాలామంది ఫోన్లు చేశారు. సంతోషం. కానీ మొన్న ఉగాది కార్యక్రమంలో పులిహోర క్యూలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన నన్ను పట్టుకుని వేరే ప్రశ్న వేశారు.

"ఏమయ్యా, పిల్లల చదువుకి ఎంత అప్పు చెయ్యాలో, రిటైరయ్యేనాటికి చేతిలో ఎంత ఉండాలో మా అందరికీ పాఠాలు చెపుతావు. నువ్వేమో డొక్కు కారు మీద లక్షన్నర తగలేశావటగా?"

వెనక నిలబడ్డ నలుగురూ నవ్వారు. నేనూ నవ్వేశాను. పులిహోర అరిగింది గానీ ఆ ప్రశ్న అరగలేదు.

నిజమే. కచ్చితంగా చెప్పాలంటే ఒక లక్షా నలభై రెండు వేల ఆరు వందలు. ఈ శీర్షికలో అందరి డబ్బు సంగతులూ మాట్లాడేవాణ్ణి, నా ఇంటి లెక్క దాచుకోవడం న్యాయం కాదు. పైగా ఇది కారు కథే అయినా, దాచిపెట్టడం గురించిన కథ కూడా. అందుకని ఈసారికి వడ్డీ రేట్లకి సెలవు.

మాది స్టాండర్డ్ హెరాల్డ్. ఇప్పటి పిల్లలకి ఆ పేరు తెలియకపోవచ్చు గానీ, అది అచ్చంగా మన మద్రాసు కారు. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే కంపెనీ 1948లో మొదలైంది. తాంబరం దాటాక పెరుంగళత్తూరు, వండలూరు దగ్గర దాని ఫ్యాక్టరీ ఉండేది. కలకత్తాకి అంబాసిడర్, బొంబాయికి ఫియట్, మద్రాసుకి స్టాండర్డ్. ఆ రోజుల్లో మన దేశంలో కార్లంటే ముఖ్యంగా ఈ మూడే. హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో ట్రయంఫ్ పేరుతో పుట్టింది. దాని రూపం గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన. 1961 నుంచి ఇక్కడ స్టాండర్డ్ పేరుతో తయారైంది. మొదట్లో రెండు తలుపులే. 1960ల చివర్లో మనవాళ్ళు దానికి నాలుగు తలుపులు పెట్టారు. పెట్టక చస్తారా! పట్టుచీర కట్టుకున్న అత్తగారిని ముందు సీటు మడిచి వెనక్కి దూర్చడం మన సంసారాల్లో అయ్యే పనేనా, మీరే చెప్పండి.

ఇంజను 948 సీసీ. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి వాలుతుంది. పాతిక అడుగుల జాగా ఉంటే బండి గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. పశ్చిమ మాంబళం సందుల్లో ఆ సుఖం ఏమిటో తిరిగినవాళ్ళకే తెలుసు.

మా నాన్నగారు కోడంబాక్కంలో ఒక తెలుగు సినిమా కంపెనీలో అకౌంటెంటు. 1970లో రిజిస్టరైన ఈ కారుని 1979లో తమ యజమాని దగ్గరే కొన్నారు. జీతంలోంచి నెలనెలా పట్టుకునే ఏర్పాటు. అప్పుడు నాకు పదేళ్ళు. కారు ఇంటికి వచ్చిన రోజునే నాన్నగారు దానికొక నోటుపుస్తకం పెట్టారు. తేదీ, మైళ్ళు, చేసిన పని, అయిన ఖర్చు. పంక్చరు వేయించినా అందులో రాయాల్సిందే. సంక్రాంతికి నెల్లూరు వెళ్ళేటప్పుడు గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు అని ఊరి పేర్లు వరుసగా చదువుకుంటూ వెనక సీట్లో కూర్చునేవాళ్ళం. నాయుడుపేటలో కాఫీకి ఆగితే ఆ కాఫీ ఖర్చు మాత్రం వేరే పుస్తకంలోకి వెళ్ళేది. కారు ఖాతా వేరు, మనుషుల ఖాతా వేరు.

2009లో నాన్నగారు పోయారు. కారూ, పుస్తకమూ నా చేతికి వచ్చాయి. కారు నడిపాను. పుస్తకం రాయడం మాత్రం మెల్లగా మానేశాను.

ఇక తుప్పు సంగతి. ఇనుముకి నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుందని అందరం చదువుకున్నాం. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. సముద్రం ఒడ్డున కాపురం ఉండే మనకి ఉప్పు గాలి ఉచితంగా దొరుకుతుంది. తుప్పుకి ఇంకో గుణం ఉంది. తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకులు కలిసే చోట తుప్పు పుడితే వాటిని విడదీస్తుంది. పెయింటు కింద పుడితే పొక్కులు లేపుతుంది. పైకి కందిగింజంత పొక్కు కనబడిందంటే లోపల అరచెయ్యంత రేకు పోయిందని అర్థం.

2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి అడయారు పొంగినప్పుడు మా జాఫర్‌ఖాన్‌పేట వీధిలోకి నీళ్ళొచ్చాయి. మేం మేడ మీదికి ఎక్కాం. కారు ఎక్కలేదు. రెండు రోజులు సీట్ల దాకా మురుగునీళ్ళలో నానింది. నెమ్మదిగా ఇంజను విప్పించి, నూనెలు మార్పించి, సీట్లు కుట్టించాను. కొత్త ఏడాది వచ్చేసరికి బండి నడిచింది. కానీ కాళ్ళ కింద రేకు అక్కడక్కడా జల్లెడైపోయింది. తలుపుల అడుగులు చేత్తో నొక్కితే కరకరలాడాయి.

ఒక షెడ్డులో చూపించాను. అక్కడి మనిషి రెండు లెక్కలు చెప్పాడు. పోయిన రేకంతా కోసేసి కొత్త రేకు వెల్డింగు చేస్తే యాభై అయిదు వేలు, నెలన్నర పడుతుంది. కన్నాల మీద ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ పోసి, అడుగున నల్ల తారు పెయింటు కొట్టి, పైన లప్పం పెట్టి రంగేస్తే పదిహేడు వేలు, పది రోజుల్లో అయిపోతుంది. మన లప్పాన్ని ఇక్కడి షెడ్లలో పట్టీ అంటారు లెండి. "ఇది నిలవదు సార్, ముందే చెపుతున్నా" అని కూడా అన్నాడు. కాబట్టి అతన్ని అనడానికేమీ లేదు. "నిలిచినన్నాళ్ళు నిలుస్తుందిలే" అన్నది నేనే. బేరమాడి పదిహేను వేల అయిదు వందలకి దించింది కూడా నేనే.

ఆ రోజుల్లోనే బ్యాంకులో ఏం జరుగుతోందో చెపితే మీకు నవ్వొస్తుంది.

1991లో ఎం. నరసింహం గారి అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆయన 1977లో రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసినవారు, మన తెలుగువారే. ఆ కమిటీ చెప్పిన మీదట 1992-93 నుంచి బ్యాంకులకి కొత్త లెక్క వచ్చింది. చేతికి రాని వడ్డీని వచ్చినట్టు ఆదాయంలో రాసుకోకూడదు. మొండిబాకీని మొండిబాకీ అనే రాయాలి. దానికి ఎదురుగా లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. రూలు బాగానే ఉంది. కానీ రూలున్న చోట సందు కూడా ఉంటుంది కదా. పాత అప్పు తీరనివాడికి కొత్త అప్పిచ్చి, దానితో పాతది తీరినట్టు చూపిస్తే ఖాతా నిగనిగలాడుతుంది. మా భాషలో దీన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు. షెడ్డు భాషలో చెప్పాలంటే పట్టీ పెట్టడం.

2015లో రిజర్వు బ్యాంకు ఆస్తుల నాణ్యత పరిశీలన అని మొదలుపెట్టి, పెద్ద ఖాతాలన్నింటినీ గోకి చూసింది. గోకితే లప్పం రాలింది. 2015 డిసెంబరు, 2016 మార్చి త్రైమాసికాల్లో చాలా ప్రభుత్వ బ్యాంకులు కోట్లలో నష్టాలు చూపించాల్సి వచ్చింది. నేనూ ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని, పైకి బాగున్న ఖాతాల వెనక ఏముందో చూసి నోట్లు రాశాను. "దాచిపెట్టిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది" అని జూనియర్లకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఉపన్యాసం ఇచ్చిన శనివారమే సాయంత్రం షెడ్డుకి వెళ్ళి, లప్పం పెట్టిన కారుని తళతళలాడుతుంటే ఇంటికి తోలుకొచ్చాను.

అమ్మ హారతిచ్చి, "కొత్త పెళ్ళికూతురులా ఉంది" అంది. లోపల ఏముందో ఆవిడకి చెప్పలేదు. నాన్నగారి పుస్తకంలో కూడా రాయలేదు. రాస్తే ఏమని రాయాలి?

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. కోవిడ్ కాలంలో కారు కదలనే లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి వీధిలో మళ్ళీ మోకాలి లోతు నీళ్ళు. ఫైబరుకీ రేకుకీ మధ్య చేరిన నీరు బయటికి పోయే దారి లేదు. కారు అడుగున నీరు జారిపోవడానికి కంపెనీవాళ్ళు పెట్టిన చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నా పదిహేను వేల అయిదు వందల రిపేరులో ఆ రంధ్రాలు కూడా లప్పంతో పూడిపోయాయని తర్వాత తెలిసింది.

2024 సంక్రాంతి వెళ్ళిన తర్వాతి శనివారం. అమ్మని తిరువల్లిక్కేణి పార్థసారథి కోవెలకి తీసుకెళదామని బయల్దేరాం. ఆవిడకి అప్పటికి ఎనభై. వెనక తలుపు తీసి, ఒక చేత్తో సీటు పట్టుకుని, కుడికాలు లోపల పెట్టి బరువు మోపింది. చప్పుడేమీ పెద్దగా కాలేదు. పాత అప్పడం విరిగినట్టు ఒక శబ్దం. మ్యాటుతో సహా కాలు పిక్క దాకా కిందికి దిగిపోయింది.

తీసేటప్పుడు రేకు అంచు గీసుకుంది. ఏడు కుట్లు, ధనుర్వాతం ఇంజక్షను. ఎముకకి ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆస్పత్రిలో కుట్లేస్తుంటే అమ్మ నా వైపు చూసి నెల్లూరు యాసలో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఏంది అబ్బయా, బండికి నేల లేదని నీకు ముందే తెలుసునా?"

తెలియదని చెప్పలేకపోయాను. తెలుసు అనీ చెప్పలేకపోయాను.

ఇంటికొచ్చాక సభ తీరింది. మా ఆవిడ, "ఏమండీ, ఇంక అమ్మెయ్యండి" అంది. అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోనులో అదే మాట. పుదుపేటలో విచారించాను. పాత బండ్ల సామాను అంటే చెన్నైలో పుదుపేటేగా. అక్కడ తూకానికి ఇనుము ధర చెప్పారు. నా కామర్సు బుద్ధి ఊరుకోక లెక్క వేశాను. ఆదాయపన్ను పద్ధతిలో కారు విలువ ఏటా నూటికి పదిహేను చొప్పున తరుగుతుంది, మిగిలినదాని మీద మళ్ళీ పదిహేను. అలా యాభై ఏళ్ళు తరిగితే వంద రూపాయల కారు మూడు పైసలవుతుంది. పుస్తకాల ప్రకారం చూస్తే పుదుపేటవాళ్ళే ధర్మాత్ములు.

వింటేజ్ కారుగా నమోదు చేయించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 2021 జూలైలో కేంద్రం దానికి రూల్స్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండికి నంబరులో 'వీఏ' అక్షరాలతో ప్రత్యేకమైన పలక ఇస్తారు. కొత్త నమోదుకి ఫీజు ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది. కానీ ఒక చిక్కుంది. ఆ బండిని ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. అమ్మని కోవెలకి తీసుకెళ్ళడానికి పనికిరాని గౌరవం మాకెందుకు? అయిదేళ్ళకోసారి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటున్నాం, అదే చాలనుకున్నాను.

చివరికి తీర్పు అమ్మే చెప్పింది. "అమ్మితే అమ్ము, బాగు చేయిస్తే చేయించు, నీ ఇష్టం. మళ్ళా దుప్పటి కప్పి పెట్టబాక."

గిండీ వెనక ఒక షెడ్డులో అరవై దాటిన మేస్త్రి దొరికాడు. తిరుత్తణి వైపు మనిషి. నేను అరవంలో మొదలుపెడితే నా ఉచ్చారణ విని నవ్వి, "తెలుగులోనే చెప్పండి సార్, మా ఇంట్లో తెలుగే. మాట్లాడతాం, రాయడం చదవడం రాదు" అన్నాడు. జేబులోంచి ఒక అయస్కాంతం ముక్క తీసి కారు చుట్టూ తిరిగాడు. రేకున్న చోట టక్కున అతుక్కుంది, లప్పం ఉన్న చోట జారి కింద పడింది. పద్దెనిమిది చోట్ల పడింది. నేను లెక్కపెట్టాను. అలవాటు కదా.

"లప్పం చెడ్డది కాదు సార్. రేకు మీద పూస్తే లప్పం, కన్నం మీద పూస్తే అబద్ధం" అన్నాడు. నలభై ఏళ్ళ అనుభవంలోంచి వచ్చిన మాట. నేను ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరికీ ఇంత చక్కగా చెప్పలేకపోయాను.

ఏప్రిల్ నెలలో పని మొదలైంది. సెలవుల్లో, శని ఆదివారాల్లో వెళ్ళి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. చూసినది చూసినట్టు రాస్తాను. పాత బండ్లున్నవాళ్ళకి పనికొస్తుంది.

ముందు బ్యాటరీ తీసేశాడు. పెట్రోలు ట్యాంకు డిక్కీలో ఉంటుంది, దాన్ని విప్పి షెడ్డు బయట దూరంగా పెట్టాడు. సీట్లు, మ్యాట్లు, లోపలి గుడ్డలు, వైర్లు అన్నీ ఊడదీశాడు. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదమట, లోపల ఆవిరి ఉంటుంది కనుక. రెండు బకెట్ల నీళ్ళు, తడి గోనెసంచులు, మంటలార్పే సిలిండరు ఎప్పుడూ అందుబాటులో ఉండేవి. అడుగున పాత తారు పెయింటు రెండుసార్లు అంటుకుంది. తడి గోనె వెయ్యడం, నవ్వడం, పని సాగించడం.

హెరాల్డుకి ఒక సౌకర్యం ఉంది. దాని బాడీ, ఛాసిస్ వేరువేరు. ఛాసిస్ మీద బాడీని బోల్టులతో బిగించారు. ఫియట్, అంబాసిడర్ లాంటి వాటిలో బాడీయే ఎముకల గూడు. ఇక్కడ అలా కాదు గనక, అడుగు రేకులు పోయినా బండి రెండుగా విరిగిపోదు. కానీ బాడీని పూర్తిగా ఎత్తి పక్కన పెట్టి నేల కోస్తే అది వంగిపోతుంది, మళ్ళీ తలుపులు పడవు. అందుకని బాడీని ఛాసిస్ మీదే ఉంచి, తలుపు సందుల్లో ఇనపకడ్డీలు అడ్డంగా టాకాలు వేసి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క కోశాడు. గంటకోసారి తలుపు తగిలించి సందు సమంగా ఉందో లేదో చూసేవాడు.

కొయ్యడం ఎక్కడి దాకా అన్నది అసలు ప్రశ్న. నాకు కనబడిన కన్నం అరచెయ్యంత. అతను గీసిన గీత కంచమంత. "ఇంత అవసరమా?" అన్నాను, పాత బుద్ధి పోక. గ్రైండరు పెట్టి చూపించాడు. కన్నం పక్కన రేకు నల్లగా, గుంటలు గుంటలుగా ఉంది. ఇంకొంచెం ముందుకి వెళితే తళుక్కున తెల్లగా మెరిసింది. "ఇక్కడ మొదలవుతుంది సార్ మంచి రేకు. ఇక్కడికి తక్కువగా ఎక్కడ వెల్డింగు పెట్టినా నిప్పు తగలగానే కరిగి కన్నమవుతుంది. మంచిదాన్నే మంచిదానికి అతకాలి." నేను నోరు మూసుకున్నాను.

బ్రిటన్‌లో ఈ కార్లంటే పడిచచ్చేవాళ్ళున్నారు. ట్రయంఫ్ హెరాల్డ్ తయారీ అక్కడ 1971లోనే ఆగిపోయినా, అడుగు రేకులు కొత్తగా అచ్చు పోసి అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చు. కానీ మన నాలుగు తలుపుల బాడీ ఇక్కడిది. వెనక భాగాలు సరిపోవని మేస్త్రి వద్దన్నాడు. కాబట్టి చేత్తోనే చేశాడు. పాత క్యాలెండరు అట్ట కత్తిరించి నమూనా తీసి, నేలకి పద్దెనిమిదో గేజు రేకు, తలుపుల అడుక్కి ఇరవయ్యో గేజు. అంటే సుమారు ఒకటింబావు మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరుకి కాస్త తక్కువ. మొద్దు మీద పెట్టి సుత్తితో అంచులు వంచి, పాత నేలకి ఉన్నట్టే నిలువు గాడులు తేల్చాడు. ఆ గాడులు అందానికి కాదు. చదును రేకు కాలు పెడితే డబడబలాడుతుంది, గాడి ఉంటే బిగుసుకుని నిలబడుతుంది. జింకు పూత ఉన్న రేకు వాడితే తుప్పు పట్టదు కదా అని నా తెలివి చూపించాను. "పూత మీద వెల్డింగు పెడితే లేచే పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం సార్" అన్నాడు. తెలివి జేబులో పెట్టుకున్నాను.

ఫ్యాక్టరీలో రేకుని రేకుకి చుక్కలు చుక్కలుగా అతుకుతారు. మేస్త్రి పాత చుక్కల్ని ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి విడదీశాడు. కొత్త రేకు అంచుకి అదే దూరంలో కన్నాలు పెట్టి, ఆ కన్నాల్లోంచి వెల్డింగు నింపి కింది రేకుతో కలిపాడు. పూర్వం అంతా గ్యాసు వెల్డింగే. దాని వేడి రేకంతా పాకి, ఎండలో ఆరేసిన అప్పడంలా వంకర్లు తిప్పుతుంది. ఇప్పుడు సీఓటూ వెల్డింగు. తీగ దానంతట అదే వస్తుంది, చుట్టూ వాయువు కాపలా కాస్తుంది, వేడి తక్కువ. అయినా గీత గీసినట్టు ఏకబిగిన పెట్టడు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క. చల్లారాక మధ్యలో ఇంకో చుక్క. తొందరపడితే రేకు వంగుతుంది. గాలి తగిలితే ఆ కాపలా వాయువు చెదిరి వెల్డింగు బుడగలు బుడగలుగా పాడవుతుంది కనుక ఫ్యాను ఆపేస్తారు. మే నెల, అగ్నినక్షత్రం, రేకుల షెడ్డు, ఫ్యాను లేదు! ఆ మనిషి తోలు కోటు వేసుకుని కారు కింద పడుకుని పనిచేస్తుంటే, బేరమాడిన నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఒకరోజు అద్దం లేకుండా ఆ వెలుగు వైపు చూసి, రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టు అవస్థ పడ్డాను. మీరెవరూ ఆ పని చెయ్యకండి.

డ్రైవరు కాళ్ళ దగ్గర రేకు కోస్తున్న రోజున మేస్త్రి పిలిచాడు. "సార్, ఇదేమిటో చూడండి. ఎవరో గుండ్రటి మూత పెట్టి రివెట్లు కొట్టారు."

చూడగానే గుర్తుపట్టాను. సినిమా రీలు డబ్బా మూత. మా చిన్నప్పుడు ఇంట్లో బియ్యప్పిండి జల్లించుకోవడం దగ్గర్నుంచి అన్నింటికీ ఆ మూతలే. చుట్టూ తారు పూసి, పన్నెండు రివెట్లతో బిగించి ఉంది. అంటే నాన్నగారు కూడా అతుకు వేయించారన్నమాట! నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆయన చేసిందే నేనూ చేశాను కదా అని.

ఇంటికెళ్ళి బీరువాలోంచి నోటుపుస్తకం తీశాను. పేజీలు తిప్పితే 1986 నవంబరులో దొరికింది. నాన్నగారి గుండ్రటి అక్షరాలు: "డ్రైవరు వైపు నేల తుప్పు. రీలు డబ్బా మూతతో అతుకు, రూ. 35. తాత్కాలికం. డబ్బు చేరగానే రేకు మార్పించాలి." దాని కింద ఎర్రసిరాతో గీత. ఆ తర్వాత ఏటా కార్తీకంలో ఒక వరుస: "నేల అతుకు చూశాను. బాగుంది." అలా 2008 దాకా ఉంది. ఆయనకి ఆ డబ్బు ఎన్నడూ చేరలేదు. మా చదువులు, చెల్లెలి పెళ్ళి. కానీ ఆ కన్నాన్ని ఆయన ఏనాడూ పుస్తకంలోంచి కొట్టెయ్యలేదు.

సంతోషం ఎగిరిపోయింది. ఆయన అతుకు, నా అతుకు ఒకటి కావు. చేతిలో డబ్బు లేనప్పుడు అతుకు వేసుకోవడం తప్పు కాదు. ఏ సంసారమైనా అలాగే నడుస్తుంది, ఏ బ్యాంకైనా కష్టంలో ఉన్న ఖాతాదారుకి గడువు పెంచుతుంది. అతుకుని అతుకని రాసుకుని, ఏటా చూసుకోవాలి. రాయని అతుకు ఎవరి కాలి కిందో బయటపడుతుంది. నాకు 2016లో యాభై అయిదు వేలు లేక కాదు. ఉన్నాయి.

జూన్ రెండో వారానికి పని పూర్తయింది. నేల నాలుగు భాగాలూ, తలుపుల అడుగులూ, ఛాసిస్ నుంచి పక్కలకి చాచిన చేతుల్లాంటి నాలుగు ఆధారాలూ కొత్తవి. అతుకుల మీద సీలరు, దాని మీద ప్రైమరు, డొల్లగా ఉన్న చోట్ల లోపలికి మైనపు ద్రవం. నీరు జారే రంధ్రాలన్నీ తెరిచాడు. "నీళ్ళు రాకుండా ఎవరూ ఆపలేరు సార్. వచ్చిన నీళ్ళు పోయే దారి ఉండాలి, అంతే." బయట మడ్‌గార్డు మీద సమం చెయ్యడానికి కాస్త లప్పం పూశాడు. పూసే ముందు నన్ను పిలిచి చూపించి మరీ పూశాడు.

ఖర్చు చెప్పాలి కదా. మేస్త్రికీ సహాయకుడికీ కూలి ఎనభై ఎనిమిది వేలు. రేకు, గ్యాసు, తీగ, చక్రాలు ఇరవై ఒక వేల ఆరు వందలు. ప్రైమరు, రంగు, సీలరు, మైనం ఇరవై నాలుగు వేలు. రబ్బర్లు, మ్యాట్లు తొమ్మిది వేలు. వెరసి రూ. 1,42,600. 2016లో యాభై అయిదు వేలతో పోయేది. మధ్యలో దండగైన పదిహేను వేల అయిదు వందలు, అమ్మ కాలి కుట్లు ఈ లెక్కలో చేర్చలేదు. వాటికి ఖాతా ఏదో నాకు తెలియదు.

కారు ఇంటికొచ్చిన రోజు అమ్మ హారతి తేలేదు. చేతికర్ర తెచ్చింది. వెనక తలుపు తీయించి, మ్యాటు ఎత్తించి, కర్రతో నేల మీద నాలుగు మూలలా టక్ టక్ మని కొట్టి చూసింది. ఆ తర్వాత సీటు మీద కూర్చుని రెండు కాళ్ళూ లోపల పెట్టి, గట్టిగా ఒకసారి తొక్కింది.

"ఊఁ. పోనీ" అంది.

పార్థసారథి కోవెలకి వెళ్ళి వచ్చాం. 2024 నవంబరు చివర్లో ఫెంగల్ తుఫాను దంచి కొట్టినప్పుడు కారుని ముందే మెట్ట మీద పెట్టాను. వాన వెలిశాక మ్యాట్లెత్తి చూశాను. తడి చేరలేదు. చూసిన సంగతి పుస్తకంలో రాశాను. దానికన్నా ముందు ఇంకో వరుస రాయాల్సి వచ్చింది. 2016 పేజీ ఖాళీగానే ఉంది. అందులో, ఎనిమిదేళ్ళు ఆలస్యంగా: "నేల కన్నాల మీద ఫైబరు, లప్పం. రూ. 15,500. తెలిసే చేయించాను." కింద ఎర్రసిరా గీత గీశాను. రీలు మూత ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంటోంది.

క్యూలో అడిగిన పెద్దాయనకి ఇదీ నా జవాబు. డొక్కు కారుకి లక్షన్నర ఎక్కువే, ఒప్పుకుంటాను. అందులో తొంభై వేల దాకా కారుకి కాదు, ఎనిమిదేళ్ళ ఆలస్యానికి.

మీ ఇంట్లో పాత కారున్నా, పదేళ్ళ కారున్నా, ఈ అయిప్పసి వానలు మొదలవకముందే ఒక ఆదివారం మ్యాట్లెత్తి చూడండి. పాత బండి కొనబోతుంటే జేబులో ఒక అయస్కాంతం ముక్క వేసుకు వెళ్ళండి. పూజగదిలో పాత నోటుపుస్తకాలుంటే అవి కూడా ఒకసారి తిరగెయ్యండి. వచ్చే సంచికలో మళ్ళీ మన వడ్డీ రేట్ల దగ్గరే కలుసుకుందాం.